పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం: క్రైస్తవులు ఏవి పాటించాలని లేఖనం చెబుతోంది?

ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. దేవుడు నోవహుకు కొలతలతో సహా ఇచ్చిన ఆజ్ఞ ఇది. బైబిల్లో ఉంది, దేవుడి నోటి మాట. అయినా ఈరోజు ఏ విశ్వాసీ ఓడ కట్టే పని పెట్టుకోడు. ఆ మాట ఎవరితో, ఎప్పుడు, దేనికోసం చెప్పిందో చదివిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. ఇశ్రాయేలీయుల పండుగలన్నీ వరసగా ఉన్న లేవీయకాండం 23వ అధ్యాయం తెరిచేసరికి మాత్రం ఆ ఇంగితం జారిపోతుంది. "లేఖనంలో ఉంది కదా, మనమెందుకు చేయం?" అని ఒకరంటారు. "అదంతా పాత నిబంధన, మనకేం సంబంధం?" అని ఇంకొకరు. ఇద్దరిదీ తొందరపాటే. ఈ తొందరపాటు వల్ల సంఘాలు చీలుతున్నాయి, ఇళ్లల్లో మాటలు ఆగిపోతున్నాయి. అందుకే నెమ్మదిగా విప్పి చూడాలి.

ఏ ఆచారం గురించైనా నాలుగు సంగతులు చూడాలి. అది ఎవరితో చెప్పారు? దాన్ని చేయడానికి లేఖనం పెట్టిన షరతులేమిటి, అంటే ఏ చోట, ఏ మనిషి, ఏ బలితో? సిలువ తర్వాత అపొస్తలులు దాన్ని అన్యజనుల సంఘాలకు అప్పగించారా? చాలామంది దాటేసే నాలుగోది: ఆ వాక్యం ఆజ్ఞా, మాదిరా, లేక జరిగిన సంగతిని చెప్పడమా? పౌలు త్రోయ పట్టణంలో అర్ధరాత్రి వరకు ప్రసంగించాడన్నది జరిగిన సంగతి. "మీరు దీనిని చేయుడి" అన్నది ఆజ్ఞ. రెంటినీ ఒకే గాటన కడితే చిక్కు మొదలవుతుంది.

రాసినట్టే చేయాలంటే

లేవీయకాండం 23లో వారవారం వచ్చే విశ్రాంతిదినం కాక ఏడు నియామక కాలాలున్నాయి. మొదటి నెల 14న పస్కా, 15 నుంచి ఏడు రోజులు పులియని రొట్టెలు, ఆ రోజుల్లోనే ప్రథమఫలాల పన, అక్కణ్ణుంచి లెక్కిస్తే 50వ రోజున పెంతెకొస్తు. మళ్లీ ఏడో నెల 1న శృంగధ్వని, 10న ప్రాయశ్చిత్త దినం, 15 నుంచి పర్ణశాలల పండుగ.

వీటిని ఇప్పుడు కూడా ఆచరించాలని కోరుకునేవాళ్లలో లేఖనం మీద నిజమైన ప్రేమ ఉంది. ఆ ప్రేమను గౌరవిస్తూనే ఒక్క పండుగను దగ్గరగా చూద్దాం. పర్ణశాలల పండుగకు ఏమేం కావాలో సంఖ్యాకాండం 29వ అధ్యాయం లెక్క చెబుతుంది. మొదటి రోజు 13 కోడెదూడలు, రెండో రోజు 12, అలా రోజుకొకటి తగ్గుతూ ఏడో రోజు 7. మొత్తం 70. వాటితోపాటు రోజూ రెండు పొట్టేళ్లు, 14 గొర్రెపిల్లలు, ఒక మేకపిల్ల. ఇవన్నీ యాజకుడి చేతుల మీదుగా, బలిపీఠం మీద. పర్ణశాలల్లో ఉండవలసింది ఇశ్రాయేలీయుల్లో పుట్టినవాళ్లని లేవీయకాండం 23:42 స్పష్టంగా అంటుంది. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం చోటు కూడా చెప్పేసింది: యెహోవా ఏర్పరచుకొన్న స్థలమే, మరోచోట కాదు. ఆ స్థలంలో నిలిచిన యెరూషలేము ఆలయం క్రీ.శ. 70లో రోమా సైన్యం చేతిలో కూలిపోయింది. మేడ మీద నాలుగు కొమ్మలతో పందిరి వేసి ఏడు రోజులు కూర్చుంటే మంచి ధ్యానం కావచ్చు. దాన్ని "రాసినట్టే పాటించడం" అనడం మాత్రం కుదరదు. బలులు తీసేశాం, యాజకుణ్ణి తీసేశాం, చోటు మార్చేశాం. ఇన్ని తీసేసే అధికారం మనకెక్కడిదన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా, పాటించనివాణ్ణి అవిధేయుడు అనలేం.

పస్కా విషయంలో చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. సున్నతి లేనివాడెవడూ దాన్ని తినకూడదని నిర్గమకాండం 12:48. అంటే పస్కాను అక్షరాలా పాటించాలనే అన్యజనుడు ముందు సున్నతి పొందాలి. సున్నతి పొందినవాడు ధర్మశాస్త్రమంతా నెరవేర్చడానికి బద్ధుడని గలతీయులకు 5:3. ఒక పండుగ తలుపు తీస్తే వెనక మొత్తం ఇల్లు ఉంది. గలతీయ విశ్వాసుల గురించి పౌలు అంత కలవరపడింది అందుకే. "మీరు దినములను, మాసములను, ఉత్సవకాలములను, సంవత్సరములను ఆచరించుచున్నారు" అని 4:10లో అన్నది ప్రశంస కాదు. అక్కడి దినాలు అన్యదేవతల పండుగలేనని కొందరి వాదన. కానీ పత్రిక మొత్తం నడిచేది సున్నతి, ధర్మశాస్త్రం చుట్టూ కాబట్టి యూదుల పంచాంగం అనుకోవడమే సందర్భానికి సరిపోతుంది.

మరి ఈ పండుగలు వ్యర్థమా? ఎంతమాత్రం కాదు. క్రీస్తు అనే మన పస్కా పశువు వధింపబడ్డాడని 1 కొరింథీయులకు 5:7. విశ్రాంతిదినపు మరునాడు యాజకుడు అల్లాడించే ప్రథమఫలాల పన 15:20లో "ప్రథమఫలము"గా లేచిన క్రీస్తు అయింది. పెంతెకొస్తు నాడు ఆత్మ దిగివచ్చాడు. ప్రాయశ్చిత్త దినం ఏమైందో హెబ్రీయుల పత్రిక 9, 10 అధ్యాయాలు పూసగుచ్చినట్టు చెబుతాయి. శృంగధ్వనిని, పర్ణశాలలను రెండో రాకడకు ముడిపెట్టే బోధలు వింటుంటాం. అవి పోలికను బట్టి చేసే ఊహలే, అపొస్తలులు అలా ముడివేసి చెప్పిన వాక్యం లేదు. పెంతెకొస్తుకు యెరూషలేము చేరాలని పౌలు త్వరపడ్డాడు నిజమే (అపొస్తలుల కార్యములు 20:16). యూదులకు యూదునిలా నడుచుకున్నానని తనే రాశాడు. కానీ తన వెంట ఉన్న అన్యజన విశ్వాసుల మీద దాన్ని ఎక్కడా మోపలేదు.

అసలు పీటముడి: శనివారమా, ఆదివారమా?

ఏడవ దినాన్ని ఆచరించేవాళ్ల వాదనను బలహీనంగా చెప్పి కొట్టిపారేయడం అన్యాయం. వాళ్ల ఆధారాలు గట్టివే. విశ్రాంతిదినం సీనాయి కంటే ముందు, సృష్టిలోనే ఉంది (ఆదికాండం 2:2-3). అది పది ఆజ్ఞల్లో ఒకటి. మిగతా తొమ్మిదీ ఉండి అదొక్కటే పోవడమేమిటి? విశ్రాంతిదినం మనుష్యులకొరకే నియమింపబడెనని యేసే అన్నాడు. పౌలు ప్రతి విశ్రాంతిదినం సమాజమందిరానికి వెళ్లాడు.

ఒక్కొక్కటే చూద్దాం. ఆదికాండంలో విశ్రమించింది దేవుడు. ఆదాముకు గాని, నోవహుకు గాని, అబ్రాహాముకు గాని ఆ దినాన్ని పాటించమన్న ఆజ్ఞ కనబడదు. మనుషులు దాన్ని పాటించడం మొదట కనబడేది నిర్గమకాండం 16లో, మన్నా కురిసినప్పుడు. నిర్గమకాండం 31లో అది దేవుడికీ ఇశ్రాయేలీయులకూ మధ్య గుర్తు అని ఉంది, సున్నతి అబ్రాహాము నిబంధనకు గుర్తయినట్టే. ద్వితీయోపదేశకాండం 5:15 చెప్పే కారణం ఐగుప్తు దాస్యం నుంచి విడుదల. పౌలు సమాజమందిరానికి వెళ్లింది యూదులు గుమిగూడే రోజున వాళ్లకు సువార్త చెప్పడానికి. ఇది జరిగిన సంగతే గాని సంఘానికి ఇచ్చిన ఆజ్ఞ కాదు.

పది ఆజ్ఞల వాదనే అన్నిటికంటే బరువైనది. దానికి జవాబు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో వెతకాలి. క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో కూడిన అపొస్తలుల ముందున్న ప్రశ్న సరిగ్గా ఇదే: అన్యజనుల్లోంచి వచ్చినవాళ్లు మోషే ధర్మశాస్త్రంలో ఏది పాటించాలి? రాసి పంపిన ఉత్తరంలో నాలుగే ఉన్నాయి: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. వీటికి దూరంగా ఉండాలి. అన్యజన లోకంలో వారానికొక దినం పని మానే అలవాటు లేదు. విశ్రాంతిదినం తప్పనిసరైతే ఆ ఉత్తరంలో మొదటి వరసలో ఉండవలసిన మాట అది. లేదు. ఆ తర్వాత సంఘాలకు రాసిన పత్రికల్లో వ్యభిచారం, దొంగతనం, అబద్ధం, విగ్రహారాధన, తల్లిదండ్రుల సన్మానం అన్నీ మళ్లీ మళ్లీ వస్తాయి. ఏడవ దినం ఆచరించండన్న ఆజ్ఞ ఒక్కసారి కూడా రాదు.

విశ్రాంతిదినాన్ని ఆచరించే ప్రస్తావన వచ్చిన చోట దిశ వేరు. "పండుగ అమావాస్య విశ్రాంతిదినము అనువాటి విషయములోనైనను, మీకు తీర్పు తీర్చ నెవనికిని అవకాశమియ్యకుడి" (కొలొస్సయులకు 2:16). ఇక్కడి విశ్రాంతిదినం వారపుది కాదు, పండుగల్లో వచ్చే విశ్రాంతిదినాలని కొందరు అంటారు. కానీ ఈ మూడు పదాలు కలిపి అనడం పాత నిబంధనలో వాడుకే. యెహెజ్కేలు 45:17లో ఇదే వరస, 2 దినవృత్తాంతములు 31:3లో తిరగేసిన వరస కనిపిస్తుంది. ఏటా వచ్చేవి, నెలనెలా వచ్చేవి, వారవారం వచ్చేవి అన్నీ కలుపుకొని అనే మాట అది. పండుగల విశ్రాంతిదినాలు "పండుగ" అన్న మాటలోనే వచ్చేశాయి, మళ్లీ చెప్పనక్కర్లేదు. తర్వాతి వచనంలో ఇవి ఛాయ, "నిజస్వరూపము క్రీస్తులో ఉన్నది" అంటాడు. తెలుగులో నిజస్వరూపం అని ఉన్న చోట గ్రీకులో ఉన్న మాట "సోమా", అంటే దేహం. గుమ్మంలో నీడ పడితే మనిషి వస్తున్నాడని తెలుస్తుంది. మనిషి లోపలికి వచ్చాక నీడతో మాట్లాడం.

ఇక ఆదివారం పాటించేవాళ్లకూ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పొరపాటు రెండువైపులా ఉంది. విశ్రాంతిదినం శనివారం నుంచి ఆదివారానికి మారిందని చెప్పే వచనం బైబిల్లో లేదు. ఒక్కటీ లేదు. ఆదివారాన్ని "సబ్బాతు" (విశ్రాంతిదినం) అనడం, ఆ రోజు పని చేసినవాడు నాలుగో ఆజ్ఞ మీరాడనడం లేఖనానికి అదనం. ఇక్కడ తెలుగు బైబిలు చదివేవాళ్లు గమనించవలసిన సంగతి ఒకటుంది. "ఆదివారమున మేము రొట్టె విరుచుటకు కూడినప్పుడు" అని అపొస్తలుల కార్యములు 20:7లో చదువుతాం. 1 కొరింథీయులకు 16:2లోనూ "ప్రతి ఆదివారమున" అనే ఉంది. మూలంలో ఆదివారం అన్న పేరు లేదు. "మియా తోన్ సబ్బాతోన్" అని ఉంది, అంటే వారపు మొదటి దినం. అనువాదం తప్పు కాదు, దినం అదే. కానీ మన చెవికి "ఆదివారం" అనగానే సెలవు, ఆరాధన, గుడి గంట అన్నీ కలిసి వినిపిస్తాయి. మొదటి పాఠకులకు అవేవీ వినిపించలేదు. యూదుల లెక్కలో దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి త్రోయలో అర్ధరాత్రి దాకా సాగిన కూడిక మన లెక్కలో శనివారం రాత్రి అయుండవచ్చని కొందరు పండితులంటారు, ఆదివారం రాత్రి అని మరికొందరు. ఆ కూడిక ఒక మాదిరి అన్నంతవరకే గట్టిగా చెప్పగలం.

మాదిరి మాత్రం చాలా పాతది. యేసు లేచింది వారపు మొదటి దినాన. శిష్యులకు కనబడిందీ ఆ సాయంత్రమే. క్రీ.శ. 150 ప్రాంతంలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత సూర్యుని దినాన, అంటే ఆదివారాన, విశ్వాసులు కూడుకోవడాన్ని వివరంగా రాశాడు: అపొస్తలుల, ప్రవక్తల రాతలు చదవడం, బోధ, లేచి నిలబడి ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం, నీళ్లు, రాలేనివాళ్లకు పరిచారకుల చేత పంపడం, అనాథలకూ విధవరాండ్రకూ ఖైదీలకూ చందా. కాబట్టి ఆదివారాన్ని కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కనిపెట్టాడన్న ప్రచారం నిలవదు. అతడు 321లో చేసింది ఆదివారాన్ని న్యాయస్థానాలకు, పట్టణవాసులకు, వృత్తిపనివాళ్లకు సెలవు చేయడం. పొలం పనికి ఆ శాసనంలోనే మినహాయింపు ఉంది. కూడిక అంతకు 170 ఏళ్ల ముందే స్థిరపడింది. సెలవు తర్వాత వచ్చింది.

తప్పక చేయవలసినవి

పై నాలుగు ప్రశ్నలకూ నిలిచే ఆచారాలు కొద్దే. బాప్తిస్మం అందులో మొదటిది: సమస్త జనులకు, యుగసమాప్తి వరకు (మత్తయి 28:19-20). అపొస్తలుల కార్యాల్లో దాన్ని ఎవరూ వాయిదా వేయరు. చెరసాల నాయకుడు ఆ రాత్రి అదే గడియలో పొందాడు. శిశువులకు ఇవ్వవచ్చా, ముంచాలా, పోయాలా అన్నవి వేరే పెద్ద చర్చలు. మొదటి శతాబ్దం చివరి కాలానిదిగా భావించే దిదఖే అనే సంఘ నియమావళి పారే నీళ్లలో ఇవ్వమని, అవి లేకపోతే వేరే నీళ్లలో, ఏవీ చాలినంత లేకపోతే తల మీద మూడుసార్లు పోయమని చెబుతుంది. నీళ్ల పరిమాణం మీద సంఘాలు చీల్చుకునే ముందు ఆ పాత వెసులుబాటును గుర్తుంచుకోవడం మేలు.

రెండోది ప్రభువు రాత్రి భోజనం. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఆజ్ఞ తెలిసి కూడా ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. "అయోగ్యముగా" తినేవాడు అపరాధి అవుతాడన్న మాట (1 కొరింథీయులకు 11:27) విని ఎందరో ఏళ్లతరబడి బల్లకు దూరంగా ఉండిపోతారు. "నేను యోగ్యుణ్ణి కాను" అంటారు. అక్కడున్నది "అయోగ్యుడు" అన్న మాట కాదు, "అయోగ్యముగా" అన్నది. తినేవాడి యోగ్యత గురించి కాదు, తినే తీరు గురించి. ఆ తీరేమిటో 21వ వచనంలోనే ఉంది: ఒకడు ఆకలిగొనును, మరియొకడు మత్తుడవును. తీరిక ఉన్నవాళ్లు ముందే వచ్చి తెచ్చుకున్నది తినేస్తున్నారు. పని ముగించుకొని ఆలస్యంగా వచ్చిన పేదవాడికి ఖాళీ బల్ల. అందుకే పౌలు చెప్పిన మందు కూడా అంత మామూలుగా ఉంది: భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండండి. పక్కవాణ్ణి అవమానించి, పగ పెట్టుకొని, అక్కడ జరిగేదేమిటో పట్టించుకోకుండా తినడం, అదీ అయోగ్యంగా తినడం. 28వ వచనం పరీక్షించుకొని మానేయమనదు. పరీక్షించుకోవలెను, "ఆలాగుచేసి" తిని త్రాగవలెను అంటుంది. పరీక్ష బల్ల దగ్గరికి తీసుకురావడానికే.

ఎన్నిసార్లు అన్నది లేఖనం కట్టడి చేయలేదు. "త్రాగునప్పుడెల్ల" అని మాత్రమే ఉంది. యెరూషలేములో ఇంటింట రొట్టె విరిచారు, త్రోయలో వారపు మొదటి దినాన. నెలకొకసారి చేసే సంఘం తప్పు చేస్తోందని అనలేం. ఏడాదికొకసారికి నెట్టేస్తే మాత్రం "నన్ను జ్ఞాపకము చేసికొనుటకై" అన్న మాట పలచబడిపోతుంది.

ఈ రెంటితోపాటు సమాజంగా కూడటం, వాక్యం, ప్రార్థన, బీదల కోసం ఇవ్వడం పత్రికలన్నిటిలో పరుచుకొని ఉన్నాయి. పాదాలు కడగడం (యోహాను 13) కొన్ని సంఘాలు ఆచారంగానే చేస్తాయి, చాలా సంఘాలు వినయానికి మాదిరిగా తీసుకుంటాయి. రోగికి నూనె రాసి ప్రార్థించడం యాకోబు 5:14లో సంఘ పెద్దలకు అప్పగించిన పని. దాన్ని మరచిపోవడం మంచిది కాదు.

విడిచిపెట్టినవి, అడ్డగించనివి

క్రిస్మస్‌కు ఆజ్ఞ లేదు, తేదీ లేదు. డిసెంబరు 25 పేరు మనకు దొరికే తొలి ఆధారం 354 నాటి రోమా పంచాంగం, అది 336 నాటి ఆచరణను చూపుతుందని చెబుతారు. ఈస్టరు తేదీ గురించి 325లో నీకయ సభ తీర్మానించింది. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పున్నమి దాటాక వచ్చే ఆదివారం అన్న లెక్క వల్ల అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య తిరుగుతుంది. లెంటు 40 దినాలన్నది భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం వరకున్న 46 రోజుల్లో ఆరు ఆదివారాలు తీసేసిన లెక్క. ఇవన్నీ సంఘం కట్టుకున్నవే.

మనుషులు కట్టుకున్నవి కాబట్టి పాపమా? లేఖనంలోనే రెండు ఉదాహరణలు ఎదురెదురుగా ఉన్నాయి. యరొబాము ఎనిమిదో నెల 15న తనకు తోచిన పండుగ పెట్టాడు (1 రాజులు 12). అది దోషం. మొర్దెకై, ఎస్తేరు పూరీము పెట్టారు, ధర్మశాస్త్రంలో లేనిదే. అది మెప్పు పొందింది. ఆలయ ప్రతిష్ఠిత పండుగ కూడా మోషే చెప్పింది కాదు, ఆ పండుగప్పుడు యేసు దేవాలయంలో నడుస్తున్నట్టు యోహాను 10:22-23 చెబుతుంది. తేడా ఎక్కడుంది? యరొబాము పండుగ దేవుడు పెట్టినదాన్ని తోసేసి, దూడల దగ్గరికి జనాన్ని మళ్లించింది. పూరీము దేవుడి రక్షణను తలచుకుంది, బీదలకు కానుకలు పంపింది. క్రిస్మస్‌ను కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. యిర్మీయా 10ని క్రిస్మస్ చెట్టుకు అంటగట్టడం మాత్రం మానాలి. అక్కడ నరికిన మాను మాట్లాడలేదు, నడవలేదు, మోసుకుపోవాలి అని ఉంది. అది విగ్రహం గురించి.

ఉపవాసం మధ్యస్తంగా నిలుస్తుంది. "మీరు ఉపవాసము చేయునప్పుడు" అన్నాడు యేసు, అంటే చేస్తారని అనుకున్నాడు. ఎన్ని రోజులో, ఏ రోజో చెప్పలేదు. తల అంటుకొని, ముఖం కడుక్కొని, ఎవరికీ తెలియకుండా చేయమన్నాడు. కాబట్టి "నేను 21 రోజులు చేశాను" అని చెప్పుకున్న క్షణంలో మిగిలిందల్లా పస్తే. మధుమేహానికి మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుణ్ణి అడగకుండా పూర్తి ఉపవాసానికి దిగకూడదు. అలా చేయమన్న ఆజ్ఞ ఎక్కడా లేదు కూడా. దానియేలు 10:3లో మూడు వారాలు రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం మానిన పద్ధతి ఉంది. శరీరం సహకరించనివాళ్లకు అది చాలు.

ఆహారం సంగతి రెండు మాటల్లో: లేవీయకాండం 11లోని పవిత్ర, అపవిత్ర భేదం మార్కు 7:19తో, పేతురు దర్శనంతో తీరిపోయింది. విగ్రహాలకు అర్పించినదాన్ని అంగట్లో ఆరా తీయనక్కర్లేదు, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే అతని మనస్సాక్షి కోసం మానేయాలి (1 కొరింథీయులకు 10). రక్తం తినకూడదన్న మాట మోషే కంటే ముందు నోవహుకే చెప్పారు, అపొస్తలుల ఉత్తరంలోనూ ఉంది. దాన్ని మానడమే మంచిదని నా అభిప్రాయం.

ఒకే ఇంట్లో ఒకరు శనివారం, ఒకరు ఆదివారం, ఒకరు క్రిస్మస్ వద్దనేవారు ఉన్నప్పుడు రోమీయులకు 14వ అధ్యాయాన్ని వరసగా, బయటికి, కలిసి చదవండి. అది ఎవరు గెలిచారో చెప్పదు. "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" అంటుంది. ఆచరించేవాడు తీర్పు తీర్చకూడదు, ఆచరించనివాడు తృణీకరించకూడదు. ఆజ్ఞ ఇద్దరికీ ఉంది.

ఇక ఆదివారం డ్యూటీ పడే నర్సులు, డ్రైవర్లు, కాపలాదారులు ఆ రోజు రాలేకపోతున్నామని కుమిలిపోతుంటారు. లేఖనం ఆజ్ఞాపించింది కూడటాన్ని, ఫలానా వేళను కాదు. క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లీనీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి క్రైస్తవుల గురించి రాస్తూ, వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవుడిగా కీర్తించేవారని చెప్పాడు. వాళ్లలో బానిసలున్నారు, ఆ రోజుల్లో ఆదివారం సెలవు లేదు. బహుశా అందుకే చీకటితోనే కూడుకునేవారు. సంఘ పెద్దలు తెల్లవారుజామున గాని, పని దిగాక సాయంత్రం గాని ఇంకో కూడిక పెట్టి, బల్లను కూడా అక్కడ ఉంచితే, ఆ నర్సుకూ ఆ డ్రైవరుకూ లోటు తీరుతుంది.